చివరి రెండంకెలు

నా చెక్కపెట్టె తెరిస్తే రెండు రెక్కలు.
పట్టీ ఒరిసి ఒరిసి భుజం కాయ కాచింది.
నెలకు రెండుసార్లు, ఒకటిన, పదహారున,
మధ్యాహ్నం మూడున్నరకి
బ్యాంకాక్ ఊపిరి బిగబట్టుకుంటుంది.
అందాకా ఈ కాగితాలకు ప్రాణముంటుంది.
తర్వాత ఎండుచేపల పొట్లానికీ పనికిరావు,
మరీ చిన్నవి.

లోయి కొండల్నుంచి వచ్చాను.
మా ఊళ్లో వరి కోసిన చేతులు సగం
ఇప్పుడు నంబర్లే అమ్ముతున్నాయి.
ఎనభై బాత్‌లకు ఆరంకెలు.

ఏ నంబరు మంచిదని నన్నడగరు.
ఎక్కడెక్కడినుంచో వాళ్లే తెచ్చుకుంటారు.
లారీ కింద నలిగిన కారు నంబరు ప్లేటు
రోడ్డు మీద నెత్తురు కడక్కముందే
ఫోన్‌లో పట్టుకొస్తాడొకడు.
కాలిన అగరొత్తి మెలికలో
మూడుందో ఎనిమిదుందోనని
అత్తా కోడలూ నా ముందే జుట్లు పట్టుకుంటారు.
చెట్టు బోదెకు పౌడరద్ది
తొమ్మిది కనబడేదాకా రుద్దుతారు,
కనబడక ఏం చేస్తుంది!
ఓ నర్సమ్మకి కలలో పాము చుట్టుకుందట.
"పెళ్లవుతుంది నీకు" అన్నాను.
"అది సరే, నంబరు?" అంది.

సమ్రాన్‌ది వేరే పద్ధతి.
రేవులో పడవలకు తాడు విసిరే మనిషి.
ఎప్పుడూ నలభై ఏడే.
ఓ వానలో నా గొడుగు కిందికి దూరి
"మా ఆవిడ పోయింది నలభై ఏడో ఏట" అన్నాడు,
ఇవాళ ముసురు పట్టేలా ఉంది అన్నట్టు.
నాలుగేళ్లు. తొంభై ఆరు టికెట్లు.
నిద్ర పట్టని ఓ రాత్రి లెక్క కట్టాను:
ఏడు వేల ఆరు వందల ఎనభై.
ఊడిన ముందుపళ్లు రెండూ
కట్టించుకునేవాడు.

ఆ పదహారున రాలేదు.
నలభై ఏడు ఒకటి రబ్బరు బ్యాండు కింద దాచాను.
దాచడమంటే కొనడమే.
మిగిలినవి వెనక్కి తీసుకునే నాథుడు లేడు.
ఆడనని మా అమ్మ మీద ఒట్టేసిన దాన్ని
ప్రతి పక్షమూ ఆడుతూనే ఉన్నాను.

నూడుల్స్ బండి రేడియోలో
గోళాలు గిరగిర తిరిగిన చప్పుడు.
నాలుగు.
ఏడు.

ఎనభై కాస్తా రెండు వేలయింది.
టికెట్టు మీద పేరుండదు.
ఆయన డబ్బిచ్చిందీ లేదు. ఎవరడుగుతారు?
మూడు రాత్రులు నా దిండు కింద పడుకుంది,
అద్దె మాట, చిన్నదాని బూట్ల మాట
చెవిలో గుసగుసలాడుతూ.

కొత్త కట్టలొచ్చాక రేవుకెళ్లాను.
జ్వరమట, టైర్ల మీద ముడుచుకుని కూర్చున్నాడు.
నా ఎనభై మినహాయించి
పంతొమ్మిది వందల ఇరవై చేతిలో పెట్టాను.
చాలాసేపు ఏమీ అనలేదు.

"వినబడిందన్నమాట దానికి" అన్నాడు.
"పళ్లు కట్టించుకో" అన్నాను.
"ఇన్నాళ్లకు బదులు పలికితే, బువలోయ్,
ఇప్పుడు నోరు మూసుకుంటే ఏమనుకుంటుంది?"
నోట్లు నా పెట్టె మీదే పరిచాడు.
ఎనభై చొప్పున ఇరవై నాలుగు.
ఏడాది పొడుగునా కొనేవి
ఒక్క పూటకి.

నలభై ఏడువి అన్ని లేవు నా దగ్గర.
ఉన్నవి ఆరు.
అది చెప్పి, హమ్మయ్య, అనుకున్నాను.

"మిగతావి
ఏవైనా సరే" అన్నాడు.

ఎండ నెత్తి మీదుంది, అయినా ఒళ్లు జలదరించింది.
నాలుగేళ్లలో ఆ మనిషి నోట
ఏవైనా అన్నమాట వినలేదు నేను.
అవతల పడవ కూత పెడుతోంది,
తాడు అందుకునే వాడు లేక.
ఇవ్వనని అనొచ్చు. పెట్టె నాది.

వేలు తడి చేసుకున్నాను.
ఒకటి, రెండు, మూడు...
పద్నాలుగు దగ్గర లెక్క తప్పింది.
మళ్లీ మొదట్నుంచి.